బోరు నీళ్ల తెల్ల మరకలు యాసిడ్ లేకుండా ఎలా పోతాయి?

మాది హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్, బోరు నీళ్లే దిక్కు. బాత్రూమ్ టైల్స్ మీద, కుళాయిల చుట్టూ తెల్లటి ఉప్పు పొర గట్టిగా పేరుకుపోయింది. యాసిడ్ పోస్తే పోతుందని అందరూ అంటున్నారు కానీ మా అత్తయ్యగారికి ఆస్తమా, ఆ ఘాటు అస్సలు తట్టుకోలేరు. పైగా బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. అదంటే నాకు మరీ టెన్షన్.

చింతపండు గుజ్జు పట్టించి కాసేపు ఉంచితే కుళాయిలు బాగానే మెరిశాయి. గోడ టైల్స్ మీద మాత్రం గుజ్జు నిలవదు, జారిపోతోంది. వెనిగర్‌లో వంటసోడా కలపమని చాలామంది చెబుతారు. రెండూ కలిస్తే నురగ వస్తుంది గానీ ఒకదాని బలాన్ని ఇంకొకటి తీసేస్తుంది కదా, మరి ఉప్పు పొర ఎలా కరుగుతుంది? విడివిడిగా వాడితేనే మేలని నా అభిప్రాయం.

నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి, గోడకు అంటించి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లీటరుకు ఎంత వేశారు, ఎంతసేపు ఉంచారు? టైల్స్ సందుల్లోని తెల్ల సిమెంటు ఏమైనా దెబ్బతిందా? మా బాత్రూమ్ గడప పాలరాయిది, పులుపు తగిలితే పాడవుతుంది. దానికి ఏం అడ్డం పెట్టాలో కూడా దయచేసి చెప్పండి.