పక్కనుండి పని నేర్పే జాబ్ కోచ్ లేకపోతే తమ్ముడి పని ఆగిపోతోంది, ఈ అలవాటు ఎలా మాన్పించాలి?

మా తమ్ముడికి 20 ఏళ్లు, ఆటిజం ఉంది. గోదాములో సరుకు పెట్టెల్లో సర్ది లేబుళ్లు అంటించే పనిలో శిక్షణ తీసుకుంటున్నాడు. పని బాగా వచ్చు. లేబుల్ కాస్త వంకర పోయినా పీకి మళ్లీ అంటిస్తాడు.

చిక్కల్లా ఒక పెట్టె నిండి రెండోది అందుకోవాల్సిన చోటే. చేతులు ఒళ్లో పెట్టుకుని జాబ్ కోచ్ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆవిడ "తర్వాతేంటి?" అంటేనే కదులుతాడు. ఆవిడ దూరం జరిగితే పావుగంటైనా అంతే. విరామం తర్వాత మరీ ఎక్కువ.

బొమ్మల చార్ట్ పెట్టాం, చూడమంటేనే చూస్తాడు. వాచీలో వైబ్రేషన్ అలారం పెడితే దాన్ని ఆపేసి మళ్లీ ఆవిడ వైపే చూశాడు. మాట మానేసి వేలితో చూపించడం, మెల్లగా అదీ తగ్గించడం చేశాం. ఇప్పుడు ఆవిడ తల కాస్త ఊపినా అదే సైగ అనుకుంటున్నాడు. వినికిడి, చూపు బాగానే ఉన్నాయి, పరీక్ష చేయించాం. (ఇంట్లో బట్టలు మడత పెట్టడం ఎవరూ చెప్పకుండానే చేస్తాడు, అదే అంతుపట్టదు.)

వచ్చే నెలాఖరుతో కోచ్ రావడం ఆగిపోతుంది. మనిషి సైగ బదులు పనిచేసే చోట ఉన్న వస్తువేదైనా చూసి తర్వాతి పని అందుకునేలా మీరెవరికైనా అలవాటు చేశారా? చేస్తే ఏ వస్తువుతో, ఎలా మొదలుపెట్టారు?