"జ్ఞానం కోసం చైనాకైనా వెళ్ళండి": ఇది ఖురాన్ వాక్యమా?

ప్రశ్న (గాజువాక నుంచి ఒక టీచర్): ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి మా పిల్లలు సూక్తుల గోడపత్రిక తయారు చేస్తున్నారు. ఒకమ్మాయి ఈ మాట రాసి కింద "ఖురాన్" అని పెట్టింది. సరైనదేనా?

జవాబు: కాదు మేడం. ఇది ఖురాన్‌లో లేదు. హదీసుగా, అంటే ప్రవక్త మాటగా, బాగా ప్రచారంలో ఉంది. జగదాంబ దగ్గర ఒక ఆటో వెనక కూడా చూశాను. కానీ హదీసుగానూ ఇది నిలవదు.

ముస్లింలకు ఖురాన్ అల్లాహ్ వాక్కు. ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినవి, చేసినవి, చూసి కాదనకుండా ఊరుకున్నవి హదీసులు. ఖురాన్ తర్వాత ప్రమాణం అవే. నమాజు చెయ్యమని ఖురాన్ పదేపదే చెబుతుంది. ఫజ్ర్‌కు (తెల్లవారుజాము నమాజు) 2 రకాతులు (నమాజులో ఒక్కో ఆవృత్తి), మగ్రిబ్‌కు (సూర్యాస్తమయం తర్వాతిది) 3 అని తెలిసేది మాత్రం హదీసుల వల్లే. మా వన్‌టౌన్ మసీదులో రోజూ జరిగేది దాని ప్రకారమే.

అంత అధికారం ఉంది కాబట్టే, ఒక హదీసును ఎవరి నోట విన్నారన్నది పండితులు అంత గట్టిగా అడిగారు. బుఖారీ (810–870) సంకలనంలో మొదటి హదీసు, కర్మలకు ఫలం సంకల్పాన్ని బట్టే అన్నది. ప్రవక్త నుంచి అది విన్నది ఆయన సహచరుడు ఉమర్. ఉమర్ నుంచి అల్ఖమా, తర్వాత ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం, యహ్యా బిన్ సయీద్, సుఫ్యాన్, హుమైదీ, చివరికి బుఖారీ. ఈ వరుసే ఇస్నాద్. ఒక్కొక్కరి నిజాయితీ, జ్ఞాపకశక్తి, గురువును నిజంగా కలిశారా అన్నది కూడా పరిశీలించారు.

చైనా మాటకు అలాంటి గట్టి వరుస లేదు. 12వ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ జౌజీ దీన్ని కల్పితాల్లో చేర్చారు. మంచి మాటే కదా అని వదిలేయకండి. ప్రవక్త అనని మాటను కావాలని ఆయనకు అంటగట్టేవాడి చోటు నరకమని హదీసుల్లోనే గట్టి హెచ్చరిక ఉంది.

ఖురాన్ వాక్యమే కావాలంటే 20:114 (20వ అధ్యాయం, 114వ వాక్యం) రాయించండి: "ప్రభూ, నా జ్ఞానాన్ని పెంచు."

మరొకరు: శ్రుతి, స్మృతి లాంటివి అనుకోవచ్చా సార్?

జవాబు: ప్రమాణాల్లో వరుస వరకు అనుకోవచ్చు. అయితే స్మృతుల్లో ఒక్కో వాక్యం వెనక ఇలా పేర్ల పరంపర ఉండదు. పైగా బుఖారీది సున్నీల సంకలనం; ముస్లింలలో మరో శాఖ అయిన షియాల హదీసు సంకలనాలు వేరు, కులైనీ "అల్ కాఫీ" లాంటివి.

టీచర్: 20:114 ఖాయం. అరబీ మాటలు తెలుగు లిపిలో ఎలా రాయాలి?

జవాబు: "రబ్బి జిద్నీ ఇల్మా." రబ్బి హ్రస్వమే. జిద్నీలో "జ" జల్లెడలో జకు దగ్గరగా పలికించండి.