ఇరుకు గేటు, 40 మీటర్ల దూరం: దుంగలు, కొమ్మలు త్వరగా బయటకు చేర్చేదెలా?

ప్రశ్న (పచ్చకలప):
చెట్టు ఇంటి వెనక ఉంది. మొదలు వ్యాసం 60 సెంటీమీటర్లు. లారీ ఆగే చోటికి 40 మీటర్లు, మధ్యలో 90 సెంటీమీటర్ల గేటు, దాని ముందు మెత్తటి పచ్చిక. యంత్రం లోపలికి రాదు. పనివాళ్లం నలుగురం, కొమ్మలను చిన్న పేళ్లుగా నలిపే చిప్పర్ యంత్రాన్ని లారీ పక్కనే పెడతాం. కోత తొందరగానే అయిపోతుంది, మోతకే రోజంతా పడుతుంది. దుంగలు ఏ పొడవున కోయాలి, కొమ్మలు ఎలా లాగాలి, ఏ సామాను తెచ్చుకోవాలి?

జవాబు (మోకు-కప్పీ):
రంపం పట్టకముందే బరువు లెక్క వేసుకోండి. వ్యాసాన్ని వ్యాసంతో, దాన్ని పొడవుతో గుణించి (అన్నీ మీటర్లలో) 785తో హెచ్చవేస్తే సుమారుగా కిలోలు వస్తాయి. పచ్చి కలప ఘనపు మీటరుకు దాదాపు 1000 కిలోలు తూగుతుందన్న లెక్క ఇది. 60 సెంటీమీటర్ల దుంగ మీటరు పొడవుంటే 280 కిలోలు. 40 అయితే 125, 30 అయితే 70. వ్యాసం సగమైతే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి చెట్టంతా ఒకే పొడవున కోస్తే పైముక్కలకు అనవసరంగా ఎక్కువ నడకలు పడతాయి, కింది ముక్కలకు నడుములు పడిపోతాయి.

మీ గేటుకు నా లెక్క ఇది. మొదలు భాగాన్ని 30 సెంటీమీటర్ల బిళ్లలుగా కోయండి. ఒక్కొక్కటి 85 కిలోలు ఉంటుంది. ఎత్తడానికి వీల్లేదు, కానీ బెరడు మీద నిలబెట్టి ఇద్దరు దొర్లించుకుంటూ పోవచ్చు. ఒకరు ముందుకు నెడతారు, ఇంకొకరు పక్కకు వాలకుండా పట్టుకుంటారు. వాలిపోతే వదిలేసి పక్కకు తప్పుకోవాలి, పట్టుకోబోతే వేళ్లు పోతాయి. కొస వైపు వ్యాసం తక్కువైతే దొర్లే దారి అటే వంకర తిరుగుతుంది. రంపం కూడా అడ్డంగా, నిటారుగా దిగాలి.

40 సెంటీమీటర్లకు లోపున్న దుంగలను మీటరున్నర దాకా ఉంచి రెండు చక్రాల దుంగ బండి మీద వేయండి. మొదలంత లావుది ఆ బండితో మీ గేటు దాటదు. దుంగ 60, రెండు పక్కలా సందు, టైర్ల మందం కలిపితే 90 నిండిపోతుంది.

పడి ఉన్న మానును ఒకేసారి కింద దాకా కోయకండి. రంపపు గొలుసు మట్టిని తాకితే పళ్లు వెంటనే మొద్దుబారతాయి. కోయాల్సిన చోట్ల గీతలు పెట్టుకుని, అన్నిటి దగ్గరా పైనుంచి ముప్పాతిక లోతు కోసేయండి. తర్వాత కొక్కెం కర్రతో మానును సగం చుట్టు తిప్పి మిగిలింది పైనుంచే తెంచండి. మాను రెండు చివరలా ఆనుకుని మధ్యలో గాల్లో ఉంటే మాత్రం పైకోత రంపాన్ని బిగించేస్తుంది. ముందు మధ్యలో ఆసరా పెట్టండి.

జవాబు (కొమ్మల మేస్త్రి):
కొమ్మల సంగతి నేను చెబుతాను. ఎక్కువ పని వృథా అయ్యేది అక్కడే. కొమ్మను ముక్కలు చేయకండి. చిప్పర్‌కు పొడవాటి కొమ్మే సుఖం, లాగేవాళ్లకూ అంతే. మొదలు పట్టుకుని లాగితే రెమ్మలు వెనక్కి ముడుచుకుంటాయి. కొస పట్టుకుంటే అన్నీ గొడుగులా విచ్చుకుని గేటుకు తగులుకుంటాయి.

కుప్ప పెట్టేటప్పుడు మొదళ్లన్నీ చిప్పర్ వైపే ఉండాలి. ముందు దించినది అడుగున, తర్వాతది దాని మీద కాస్త వెనక్కి వేయండి. అప్పుడు పైనుంచి ఒక్కొక్కటీ చిక్కు లేకుండా వస్తుంది. అడ్డదిడ్డంగా వేసిన కుప్పలో ఒక్క కొమ్మ లాగడానికి నాలుగు కొమ్మలు కదపాలి. బాగా విచ్చుకున్న పంగ ఉంటే పంగలో ఒక పాయను మొదట్లో సగం దాకా కోయండి, మడిచి తోస్తే చిప్పర్‌లో కొమ్మను లోపలికి లాక్కునే రోలర్లు పట్టుకుంటాయి.

చిప్పర్ ముందు ఎదురుగా నిలబడకూడదు. పక్కన నిలబడి మొదలు అందించి, రోలర్ పట్టగానే వదిలేసి పక్కకు తిరగాలి. పెద్ద కొమ్మ లోపలికి పోతూ ఒక్కసారిగా కొరడాలా పక్కకు కొడుతుంది. చిన్న ముక్కలను చేత్తోనో కాలితోనో నెట్టకండి, ఇంకో పొడవాటి కొమ్మతో తోయండి. మణికట్టు దగ్గర వదులుగా ఉండే చేతి తొడుగులు వద్దు. అన్నిటికంటే ముఖ్యం, చెట్టెక్కేవాళ్ల తాడు కుప్పలో చిక్కుకుని ఉండకూడదు. రోలర్లు తాడును పట్టాయంటే రెండో కొసనున్న మనిషిని కాపాడే సమయం ఉండదు. ప్రతి మోపూ తోసే ముందు తాళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి.

ఊడ్చిన చెత్త చిప్పర్‌లో వేయవద్దు. అందులో మట్టి, గులకరాళ్లు ఉంటాయి, కత్తులు పాడవుతాయి.

పచ్చకలప:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. పచ్చిక మీద చక్రాలు దిగబడితే ఏం చేయాలి? మొదలు భాగంలో 1.2 మీటర్ల దుంగ ఒకటి కోయకుండా కావాలంటున్నారు. గేటు దాకా లాగినా, క్రేన్ లేకుండా లారీ ఎక్కించేదెలా?

జవాబు (మోకు-కప్పీ):
పచ్చికకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు పరవండి. ఒకదాని అంచు మీదికి ఇంకోటి ఒక జానెడు ఎక్కాలి, బండి వెళ్లే దిశలో పైపలక ముందుకు దిగేలా. లేకపోతే చక్రం అంచును ఢీకొట్టి పలకను లేపేస్తుంది. నాలుగు పలకలుంటే చాలు, దాటినది తీసి ముందుకు వేసుకుంటూ పోవచ్చు.

మీ దుంగ దాదాపు 340 కిలోలు. లాగే ముందు ముక్కు అంచును రంపంతో చుట్టూ చెక్కేయండి, పెన్సిల్ మొన చెక్కినట్టు. చదునుగా వదిలేస్తే మట్టిని దున్నుకుంటూ పోతుంది. మోకును మధ్యలో బిగించి, ముక్కు దగ్గర ఇంకో చుట్టు వేయండి, దుంగ తిన్నగా వస్తుంది. దారి మలుపుకు కప్పీ పెడితే గుర్తుంచుకోండి: తాడు పూర్తిగా వెనక్కి తిరిగే చోట కప్పీని పట్టి ఉంచిన ఆధారం మీద లాగుడుకు రెట్టింపు బరువు పడుతుంది. బిగిసిన తాడుకు వరుసలో, మలుపు లోపలి వైపు ఎవరూ ఉండకూడదు.

ఎక్కించడానికి లారీ పక్క డోర్లు రెండూ దించి, 3 మీటర్ల దూలాలు రెండు వాల్చండి. ఎత్తు మీటరు ఉంటే వాలు మీద లాగాల్సింది మూడో వంతే, 113 కిలోలు. రెండు మోకుల కొసలు లారీకి కట్టి, దూలాల మీదుగా కిందికి దించి, దుంగ కింది నుంచి చుట్టి, మీదుగా మళ్లీ లారీ అవతలి వైపుకు తీసుకోండి. దుంగే కప్పీలా తిరుగుతుంది కాబట్టి బరువు మళ్లీ సగం, అంటే రెండు తాళ్ల మీదా కలిపి 57 కిలోలు. రాపిడి వల్ల ఇంకాస్త పెరుగుతుంది. లాగేవాళ్లు అవతల నేల మీద ఉంటారు.

ఇక్కడ పొరపాటు జరిగేది ఒక చోటే. లావు కొస ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, దుంగ అడ్డం తిరిగి దూలం మీంచి జారుతుంది. లావు వైపు తాడు పట్టినవాళ్లు ఆగి ఆగి లాగాలి. మూడో మనిషి దుంగ పక్కనుంచే, పొడవాటి పిడి ఉన్న ఆపు చెక్కను ప్రతి అడుగుకూ వెనక పెట్టాలి. దూలాల కింది వైపు ఎవరూ నిలబడకూడదు.

జవాబు (కొమ్మల మేస్త్రి):
ఒక మాట కలుపుతాను. లారీ మోసేది టన్నున్నర అయితే పచ్చి కలప ఘనపు మీటరున్నరతో నిండినట్టే. బాడీలో సగం ఖాళీ కనిపిస్తుంది, నమ్మకండి. బిళ్లలను క్యాబిన్ వైపు ఆనించి పడుకోబెట్టండి. నిలబెడితే బ్రేకు వేసినప్పుడు దొర్లుతాయి. రంపపు పొట్టు కోసం కోత మొదలుపెట్టకముందే మాను కింద టార్పాలిన్ పరిస్తే చివర్లో నాలుగు మూలలు పట్టి ఎత్తేయవచ్చు. గడ్డిలో పడిన పొట్టు ఊడ్చినా పూర్తిగా రాదు.