పదో తరగతి తెలుగు: జిరాక్స్ నోట్సు బట్టీ పట్టించాలా, చదవడం నేర్పాలా?

ఓరుగల్లు తెలుగు సారు:
హన్మకొండ దగ్గర సర్కారు బడిలో పదో తరగతికి తెలుగు చెప్తాను. ప్రీ ఫైనల్ దగ్గర పడింది. స్పెషల్ క్లాసుల్లో ముఖ్యమైన ప్రశ్నలు జిరాక్స్ తీసిచ్చి బట్టీ పట్టించమని స్టాఫ్‌రూమ్‌లో ఒకటే ఒత్తిడి. నేను వద్దంటున్నాను. 80 మార్కుల పేపర్లో అవగాహన-ప్రతిస్పందన కింద పిల్లలు ఎన్నడూ చూడని పేరా ఇస్తారు. దాని మీద వాళ్లనే ప్రశ్నలు తయారు చేయమని కూడా అడుగుతారు. అది ఏ గైడులో దొరుకుతుంది? నేను రోజూ దినపత్రికలో ఒక వార్త చదివించి ప్రశ్నలు రాయిస్తున్నాను. ఇట్లా చేసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

కరీంనగర్ ట్యూషన్ మేడం:
సార్, ఆ ఒక్క పేరాకు ఎన్ని మార్కులు? మిగతాదంతా పాఠాల్లోంచే కదా. పాస్ కావడానికి 80లో 28 రావాలి. పద్యానికి భావం, కవి పరిచయం, నాలుగు వ్యాసాలు నోటికి వస్తే పిల్ల గట్టెక్కుతుంది. మా చెల్లె తెలుగులోనే తప్పింది. వాళ్ల సారు పాఠం చాలా బాగా చెప్పేవారు, పరీక్షలో ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. సప్లిమెంటరీ కూడా రాయనీయకుండా పెళ్లి చేసేశారు.

పరకాల నాన్న:
పాస్ సంగతి సరే, మంచి మార్కుల మాటేమిటి? మార్కుల బదులు జీపీఏ గ్రేడ్లు ఉన్నప్పుడు 92 వచ్చినా 99 వచ్చినా 10 పాయింట్లే. 2025 నుంచి మెమోలో మార్కులే వేస్తున్నారు. బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మెరిట్ మీదే ఇస్తారు. మావాడికి లెక్కల్లో బాగానే వస్తున్నాయి, తెలుగులోనే పోతున్నాయి.

మానేరు గట్టు:
దస్తూరి బాగుంటే సగం పని అయినట్టే.

ఓరుగల్లు తెలుగు సారు:
బట్టీ ఎక్కడ దెబ్బ కొడుతుందో చెప్తాను వినండి. పోతన పాఠం 'దానశీలము'. మా క్లాసులో ఒక పిల్లవాడికి బలి చక్రవర్తి వ్యాసం పొల్లు పోకుండా వచ్చు. స్లిప్ టెస్టులో "శుక్రాచార్యుడి మాట నువ్వైతే వినేవాడివా, ఎందుకు?" అని అడిగాను. పేజీ నిండా బలి గుణగణాలే రాశాడు. ప్రశ్న చదవనే లేదు. పోతన ఊరు బమ్మెర మనకు ఎంత దూరం? ఆ పద్యాలు పుట్టిన గడ్డ మీద ఉండి మన పిల్లలకు అర్థం తెలియకుండా అప్పజెప్పడం నేర్పిస్తున్నాం.

కరీంనగర్ ట్యూషన్ మేడం:
ఆ పేజీకి పేపర్లు దిద్దే స్పాట్‌లో ఎన్నో కొన్ని మార్కులు వేస్తారు. ఖాళీగా వదిలేస్తే సున్నానే.

ఓరుగల్లు తెలుగు సారు:
మేడం, మీకు గైడు కావాలి, ఎందుకంటే ట్యూషన్ ఫీజు దాని మీదే నడుస్తుంది.

పరకాల నాన్న:
నేనడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. సంధులు, సమాసాలు, ఛందస్సుకు ఏ బిట్ బ్యాంకు మంచిది?

కరీంనగర్ ట్యూషన్ మేడం:
ఫీజు మాట తెచ్చారు కాబట్టి చెప్తున్నాను. నా దగ్గరికి వచ్చే కొందరు పిల్లలు ఫీజు ఇవ్వలేరు, నేను అడగను. వాళ్లకు చదవడమే రాదు సార్. ఒత్తు అక్షరం వస్తే ఆగిపోతారు. 2026 మార్చిలో పరీక్ష రాసే ఈ పిల్లలు, 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు నాలుగో తరగతిలో ఉన్నారు. ఐదో తరగతి ఫోన్లోనే గడిచింది, అదీ ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లకు. ఒకటి నుంచి ఐదు తరగతులకు చదవడం, రాయడం నేర్పే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు 2022లో వచ్చింది. అప్పటికి వీళ్లు ఏడులో ఉన్నారు. అట్లాంటి పిల్లతో నలుగురి ముందు పత్రిక చదివిస్తే ఏమవుతుంది? మర్నాడు రాదు. మీ పద్ధతి చదవడం వచ్చిన పిల్లలకు.

ఓరుగల్లు తెలుగు సారు:
ఈ మాట ముందే చెప్పాల్సింది మేడం. మా క్లాసులోనూ అట్లాంటివాళ్లున్నారు. కానీ అందుకే కదా నేను మొత్తుకునేది. పదేళ్లు బడికి వచ్చిన పిల్లకు చదవడం రాకుండానే మెమో చేతికిచ్చి పంపిస్తామా? రేపు ఇంటర్‌లో చేరాక ఎవరు నేర్పుతారు? 2023లో ఆరు నుంచి తొమ్మిది వరకు తొలిమెట్టు లాంటిదే ఉన్నతి అని పెట్టారు. పదికి వచ్చేసరికి సిలబస్, రిజల్ట్ తప్ప ఇంకో మాట లేదు. చివరి అవకాశం ఈ కొద్ది రోజులే.

జనగామ చదువరి:
ఇద్దరూ ఒకే పిల్లల గురించి కొట్లాడుకుంటున్నారు.

కరీంనగర్ ట్యూషన్ మేడం:
కాదండీ, ఒకటి కాదు. సారు ఆ పిల్ల ముందుముందు ఎట్లా బతుకుతుందో చూస్తున్నారు. నేను ఏప్రిల్, మే గడిచేదెట్లా అని చూస్తున్నాను. పాసైతేనే ఇంట్లో చదివిస్తారు.

ఓరుగల్లు తెలుగు సారు:
చదవడం రానివాళ్లను రేపటి నుంచి పొద్దున బడి మొదలయ్యే ముందు విడిగా కూర్చోబెడతాను. నలుగురి ముందు చదివించను. పాఠంలోని పేరాలతోనే మొదలుపెడతాను. జిరాక్స్ మాత్రం ఇవ్వను.

కరీంనగర్ ట్యూషన్ మేడం:
ఇవ్వకుండా ఆ పిల్లలకు 28 ఎట్లా తెస్తారో అది చెప్పండి సార్. చదవడం నేర్పండి, నేను వద్దనను. కానీ పద్యభావాలు, కవి పరిచయాలు కూడా చేతికివ్వండి.