కార్ల్‌ష్టెయిన్: మోకాళ్ల నొప్పులున్న అమ్మని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న – శ్రావణి
వచ్చే నెల అమ్మానాన్న ప్రాగ్ వస్తున్నారు. ఒకరోజు కార్ల్‌ష్టెయిన్ చూపించాలని ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎక్కగలదంటారా? చిన్న ఊరు కదా, కోట కాక చూసేదేమైనా ఉందా?

జవాబు – రవి
ప్రాగ్‌లో రైలెక్కితే 40 నిమిషాలే. టెన్షన్ పడకుండా వెళ్లిరండి.

జవాబు – మూర్తి
రవిగారూ, రైలు దిగాకే ఉందండీ అసలు కథ! స్టేషన్ బెరౌంకా నదికి ఒక గట్టున, ఊరు అవతలి గట్టున. వంతెన దాటి దాదాపు రెండు కిలోమీటర్ల నడక, చివరంతా ఎక్కుడే. లోపల మళ్లీ మెట్లు.

శ్రావణీ, ముందు టికెట్ సంగతి చూడమ్మా. మామూలు టూర్‌లో పెద్ద గోపురంలోని హోలీ క్రాస్ చాపెల్ (చిన్న ప్రార్థన గది) చూపించరు. దానికి వేరే టూర్, చిన్న చిన్న గుంపులుగా పంపుతారు, చలికాలంలో ఉండదు. ముందే బుక్ చేసుకోవాలి. నన్నడిగితే అది దొరక్కపోతే అంత ఎత్తు ఎక్కడం దండగ. చెక్ రాజు, తర్వాత పవిత్ర రోమన్ చక్రవర్తి అయిన నాలుగో చార్లెస్ 1348లో ఈ కోట మొదలుపెట్టాడు. సామ్రాజ్య కిరీటం, పవిత్ర అవశేషాలు దాచింది ఆ గదిలోనే. గోడల కింది భాగమంతా నున్నగా సానపట్టిన రంగురాళ్లు, సందుల్లో బంగారు పూత. పైన ఆయన ఆస్థాన చిత్రకారుడు థియోడోరిక్ వేసిన 129 చిత్రాలు. ఆ సాధువుల ముఖాలు మన పక్కింటివాళ్లలా బొద్దుగా ఉంటాయి. కిరీటం మాత్రం ఇప్పుడు వియన్నాలో ఉంది.

ఇంకోటి, ఫోటోల్లో కనిపించే ఆ నిటారు కప్పులు చార్లెస్ నాటివి కావు. 1887–99 మధ్య మోకర్ అనే వాస్తుశిల్పి కోటని బాగుచేసినప్పటివి. నాకవి కాస్త అతిగా అనిపిస్తాయి.

జవాబు – శ్రావణి
థాంక్స్ అంకుల్. మరి అమ్మ?

జవాబు – మూర్తి
కింద వీధిలో కాఫీ హోటళ్లు బోలెడు. కోట కింద నుంచే బాగా కనిపిస్తుంది, అమ్మని అక్కడ కూర్చోబెట్టి మీరిద్దరూ ఎక్కండి. నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే 1422 ముట్టడి గురించి చెప్పు. హుస్సైట్లు, అంటే మత సంస్కర్త యాన్ హుస్ అనుచరులు, నెలల తరబడి చుట్టుముట్టి, రాళ్లతో పాటు కుళ్లిన కళేబరాలు కూడా లోపలికి విసిరారు. అయినా కోట లొంగలేదు. అలాగే బావి దగ్గర ఆగండి. దాదాపు 80 మీటర్లు తవ్వినా నీళ్లు పడలేదట, దగ్గర్లోని వాగు నుంచి దొంగచాటుగా కాలువ తెచ్చి నింపారని చెబుతారు.