ముక్కులోంచి రక్తం వస్తే ‘వేడి’ అని పంపేయడం సబబేనా?

తిరుచానూరు తండ్రి: మా పాపకు ఏడేళ్లు. రెండేళ్లుగా నెలకు మూడు నాలుగు సార్లు ముక్కులోంచి రక్తం కారుతోంది. తిరుపతిలో ముగ్గురు డాక్టర్లకు చూపించాం. ముగ్గురిదీ ఒకటే పాట: ఎండలు, వేడి, ముక్కు గిల్లనివ్వకండి. మూడో ఆయన తలెత్తకుండానే ఆయింట్‌మెంటు రాసిచ్చారు. చివరికి రాయవేలూరు వెళితే వాన్ విల్లీబ్రాండ్ జబ్బని తేలింది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీను తక్కువట. ఇలా వచ్చిన ప్రతి బిడ్డకూ రక్తపరీక్ష చేయాలని నియమం పెట్టాలంటాను.

సబ్జా గింజ: మా నలుగురు పిల్లలకూ వచ్చింది, పోయింది. సబ్జా నానబెట్టి తాగించండి.

చిత్తూరు పిల్లల వైద్యుడు: నియమం వద్దు. పిల్లల్లో చాలావరకు ఈ రక్తం ముక్కు ముందుభాగంలో, మధ్యగోడ మీది సన్నని నాళాల నుంచి వచ్చేదే. పొక్కు కడుతుంది, పిల్లలు గిల్లుతారు, అంతే. అందరికీ సూది గుచ్చాలా? రెండేళ్ల లోపు బిడ్డకు రావడం, ఒంటి మీద కమిలిన మచ్చలు, పాలిపోవడం, విడవని జ్వరం, ఎదిగే మగపిల్లవాడికి ఒకే వైపు ముక్కు మూసుకుపోయి రక్తం పడటం... ఇలాంటివి ఉంటే వదలం. ఇవి మాకు తెలియనివి కావు.

తిరుచానూరు తండ్రి: తెలిస్తే మా పాప మోకాళ్ల కింది మచ్చలు ఒక్కరైనా ఎందుకు చూడలేదు?

మిట్టూరు వాసి: రక్తం కారేటప్పుడు తల వెనక్కి వంచేవారా? అదే తప్పు. ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టాలి.

తిరుచానూరు తండ్రి: ఇక్కడ చర్చ అది కాదు.

మిట్టూరు వాసి: అదే. సగం మంది ఎముక దగ్గర పట్టుకుంటారు.

చిత్తూరు పిల్లల వైద్యుడు: పాప ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?

తిరుచానూరు తండ్రి: 2.8 లక్షలు.

చిత్తూరు పిల్లల వైద్యుడు: చూశారా, మామూలే. ఈ జబ్బులో సాధారణ రక్తపరీక్ష చాలాసార్లు బాగానే వస్తుంది. కనిపెట్టడానికి వేరే పరీక్షలు కావాలి. మీరు కోరే నియమం ఉన్నా జబ్బు దొరికేది కాదు.

తిరుచానూరు తండ్రి: గెలిచానని సంబరమా? అర్ధరాత్రి తడిసిన దిండు గలీబులు ఉతికింది మీరు కాదు!

చిత్తూరు పిల్లల వైద్యుడు: ఒక్క పూటలో ఎనభై మందిని చూసేది మీరు కాదు. ఎవరి మీదో కోపం నా మీద ఎందుకు?

కార్వేటినగరం అమ్మ: ఇద్దరూ పరీక్ష దగ్గరే ఆగిపోయారు. ఇది వంశంలో వచ్చే జబ్బు కదా. తల్లికి నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుందా, పాపకు పాలపన్ను ఊడినప్పుడు రక్తం ఎంతసేపటికి ఆగింది అని ఎవరైనా అడిగారా?

తిరుచానూరు తండ్రి: రాయవేలూరులో అడిగారు. పన్ను ఊడిన రోజు తెల్లవార్లూ దూది మారుస్తూనే ఉన్నానని మా ఆవిడ చెప్పింది. తనకు నెలనెలా వారం దాటుతుందనీ చెప్పింది. పెళ్లయిన పన్నెండేళ్లకు ఆ మాట నేను వినడం అదే మొదలు. ఇక్కడ ప్రతి డాక్టరు గదిలోనూ ఆమె తలుపు దగ్గరే నిలబడింది. మాట్లాడింది నేను.

చిత్తూరు పిల్లల వైద్యుడు: నేనూ ఎక్కువగా తండ్రులనే అడుగుతాను. కాదనను. నియమం మాత్రం వద్దు.

తిరుచానూరు తండ్రి: అయితే ఆ ప్రశ్నలు ఓపీ చీటీ మీద అచ్చువేయండి.

చిత్తూరు పిల్లల వైద్యుడు: అచ్చువేస్తే నింపేది మళ్లీ మీరేగా?

మిట్టూరు వాసి: పది నిమిషాలు. మధ్యలో వదిలి చూడకూడదు.