15 ఏళ్లు నిండిన కారు: సైలెన్సర్ రబ్బర్లు పోతే రెన్యూవల్ ఆగుతుందా?

స్టెప్నీ_టైరు:
2011 మార్చిలో హైదరాబాద్‌లో రిజిస్టరైన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఆర్‌సీ గడువు దగ్గరపడింది, రెన్యూవల్ దరఖాస్తు ఫారం 25 పెట్టి బండి చూపించాలి. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక కింద "టక్"మని ఒక దెబ్బ. ఏసీ వేసి న్యూట్రల్‌లో ఉంచితే రేకు డబ్బాలో మేకులు కదిలినట్టు సన్నగా గలగల. ర్యాంప్ ఎక్కించి చూస్తే సైలెన్సర్‌ను బండి కింద వేలాడదీసే రబ్బర్లు మొత్తం నాలుగు. వెనక సైలెన్సర్ డబ్బాకు కుడివైపుది సగం దాకా చీలింది. ఎడమవైపుది సాగిపోయి బొక్క కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మధ్యలో రబ్బరే లేదు, ఎప్పుడో ఎవరో బైండింగ్ వైరు చుట్టారు. ముందుది పైకి బాగానే కనిపిస్తోంది.

ఇంకో రెండు చుట్లు వైరు వేస్తే చాలు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంత కిందికి వంగి చూడడు అంటున్నాడు మెకానిక్. దీనికి బండి రిజెక్ట్ చేస్తారా? చీలిన రబ్బరు ఒక్కటీ మారిస్తే సరిపోతుందా? పొల్యూషన్ రీడింగ్‌కీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

నాలుగో_గేరు:
రూల్ వైపు నుంచి చెప్తాను. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లో సైలెన్సర్ గురించి చెప్పేది 120వ రూల్. బండికి సైలెన్సర్ ఉండాలి, అది శబ్దం తగ్గించాలి అనేదే అందులోని సారాంశం. రబ్బరు ఊసు లేదు. మీ బండికి అసలు తగిలేది 113: పొగ గొట్టం పెట్రోల్ లైనుకు 35 మిల్లీమీటర్ల లోపు ఉండకూడదు. మధ్య రబ్బరు లేక పైపు పక్కకు వాలితే అది వాలేది బాడీ వెంబడి వెళ్లే ఆ లైన్ల మీదికే. ర్యాంప్ మీద ఉన్నప్పుడే స్కేలు పెట్టి కొలవండి. పైపును చేత్తో లైను వైపు నెట్టి మళ్లీ కొలవండి. నెట్టినప్పుడు కూడా 35 దాటి ఉంటే నిశ్చింత.

ఇన్‌స్పెక్టర్ వంగడు అన్న లెక్క మీద బండి తీసుకెళ్లొద్దు. వంగక్కర్లేదు కూడా, ఒక్కసారి రేజ్ చేయమంటే ఆ గలగల ఆయనకు నిలబడే వినిపిస్తుంది.

డబ్బు సంగతి: 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యూవల్ ఫీజు 5,000. గడువు దాటాక అప్లై చేస్తే నెలకు 500 అదనం. గ్రీన్ ట్యాక్స్ వేరే. రెన్యూవల్ అయితే వచ్చేది ఐదేళ్లే. గడువుకు 60 రోజుల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కాబట్టి రబ్బర్ల పని ముందు కానిచ్చి స్లాట్ తర్వాత బుక్ చేసుకోండి.

పానా_12_13:
స్టెప్నీ గారూ, ముందు ఆ వైరు కోసేయండి. రబ్బరు ఉన్నది ఇంజిన్ ఊగినప్పుడు పైపు కూడా దాంతోపాటు ఊగడానికి. వైరుతో బిగిస్తే ఆ ఊపంతా వెల్డింగ్ మీద పడుతుంది, డబ్బా మెడ దగ్గర గీతలా పగులు మొదలవుతుంది. మీకు వినిపించే గలగలలో సగం వైరు బాడీకి మోసుకొచ్చేదే అయ్యుంటుంది. ప్లాస్టిక్ ట్యాగు వేడికి కరుగుతుంది. సైకిల్ ట్యూబు ముక్క ఇల్లు చేరేవరకే, వేడికి నాలుగు రోజుల్లో అప్పడంలా విరుగుతుంది.

ఒక్కటి కాదు, నాలుగూ మార్చండి. సాగిన పాతవాటి మధ్య కొత్తది ఒక్కటే ఉంటే బరువంతా దాని మీదే పడి అదే ముందు పోతుంది. రబ్బరుకు పెద్ద ఖరీదు ఉండదు, ర్యాంప్ ఎక్కించే కూలీనే ఎక్కువ.

కొనేముందు పాతది చేతిలో పట్టుకెళ్లండి. చూడాల్సినవి రెండు: రబ్బరు బొక్కలో దూరే ఇనుప కడ్డీ మందం (10 మి.మీ.నా, 12 మి.మీ.నా), రెండు బొక్కల మధ్య దూరం. సాగిన రబ్బరు మీద కొలిస్తే దూరం తప్పు వస్తుంది, బాగున్న ముందుదాని మీద కొలవండి. అయితే ముందుదీ వెనకవీ ఒకే సైజు ఉండాలని లేదు, పార్ట్ నంబరుతో సరిచూసుకోండి. పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగితే అన్ని బళ్లకూ దొరుకుతాయి. గోరుతో నొక్కి చూడండి, రాయిలా ఉంటే వద్దు, కంపనమంతా లోపలికి తెస్తుంది.

పని ఇలా: ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వెనక డబ్బా కింద జాకీ, దాని మీద చెక్క దిమ్మ పెట్టి బరువు ఎత్తి పట్టాలి. ఇది మానేసి రబ్బర్లన్నీ ఒకేసారి లాగేస్తే పైపు వేలాడి, ముందున్న జాలీ అల్లిన ఫ్లెక్సిబుల్ పైపు చిరుగుతుంది, ఆక్సిజన్ సెన్సర్ వైరు లాగుడు పడుతుంది. ఆ రెంటిలో ఏది పోయినా రబ్బర్ల ఖర్చు జోకులా కనిపిస్తుంది. ఒకటి తీసి ఒకటి వేసుకుంటూ వెనక నుంచి ముందుకు రండి.

కడ్డీ చివర ఉబ్బుగా ఉంటుంది కాబట్టి పొడిగా ఎక్కదు. సబ్బు నీళ్లు గానీ సిలికాన్ స్ప్రే గానీ వాడండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాయొద్దు: ఈ రబ్బరు సాధారణంగా ఈపీడీఎం రకం, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కొత్తది మొండికేస్తే వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి.

అన్నీ ఎక్కాక పైపు జాయింట్ల బోల్టులు కొంచెం వదులు చేసి, పైపును దాని దారిన వేలాడనిచ్చి, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి వరసగా బిగించండి. జాయింటు విప్పాల్సి వస్తే మధ్యలో లీకు ఆపే ప్యాకింగ్ (గ్యాస్కెట్) కొత్తదే వేయాలి. చివరగా తోక గొట్టం పట్టుకుని నాలుగు వైపులా ఊపండి. సెంటీమీటరు, ఒకటిన్నర కదలొచ్చు, ఎక్కడా ఇనుము ఇనుముకు తగలకూడదు. ముఖ్యంగా వెనక యాక్సిల్ పైన చూడండి, మీ "టక్" అక్కడిదే.

లాంబ్డా_1:
పొల్యూషన్ సంబంధం ఉంది, కానీ రబ్బరు వల్ల నేరుగా కాదు. రబ్బరు పోతే జాయింటు వంగుతుంది, జాయింటు వంగితే ప్యాకింగ్ లీకవుతుంది.

మీ బండి బీఎస్-4 (భారత్ స్టేజ్ 4 పొగ ప్రమాణాలు) లెక్కలోకి వస్తుంది, 2010 ఏప్రిల్ నుంచే అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఉంది. అంటే ఐడిల్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (కాలని ఇంధనం, హైడ్రోకార్బన్లు) 200 పీపీఎం (పది లక్షల్లో 200 వంతులు) దాటకూడదు. అదయ్యాక 2,500 ఆర్‌పీఎం దగ్గర సీఓ 0.2 లోపు, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ల కొలత; 1 దాటితే గాలి ఎక్కువ) 0.97 నుంచి 1.03 మధ్య. బీఎస్-3 బండికి ఐడిల్ హద్దు 0.5, 750 కాబట్టి చిన్న లీకు అక్కడ దాక్కుంటుంది, మీకు దాక్కోదు.

వెనక జాయింటు లీకైతే పొగ బయటికి పోవడమే కాదు, పొగ వచ్చే ఒక్కో పల్స్ మధ్య బయటి గాలి లోపలికి వస్తుంది. సీఓ తగ్గి కనిపిస్తుంది, లాంబ్డా మాత్రం 1.03 దాటుతుంది. సీఓ బాగుంది కదా, మిషనే తప్పు అని చాలామంది సెంటర్లో గొడవపడేది ఇక్కడే. అదే లీకు ఆక్సిజన్ సెన్సర్‌కు ముందుంటే సెన్సర్‌కు ఎక్కువ ఆక్సిజన్ కనిపిస్తుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ పెంచుతుంది, ఇక సీఓ నిజంగానే పెరుగుతుంది.

లీకు పట్టడం తేలిక. ఆరుబయట, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో తోక గొట్టం రెండు మూడు సెకన్లు మూయించండి. జాయింటు దగ్గర "చిస్"మంటే అదే. నల్లటి మసి చార కూడా గుర్తు. మూసిన షెడ్డులో మాత్రం చేయొద్దు, సీఓకు వాసన ఉండదు.

టెస్టుకు ముందు 15–20 నిమిషాలు రోడ్డు మీద నడిపి వెళ్లండి, పొగను శుభ్రం చేసే క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్) వేడెక్కాలి.

స్టెప్నీ_టైరు:
వైరు తీశాను. పెట్రోల్ లైనుకు మామూలుగా 42 మి.మీ., నెడితే 20కి వస్తోంది. గుడ్డ పెడితే మధ్య జాయింటు చిస్‌మంటోంది. ఇంకోటి, బాగుందనుకున్న ముందు రబ్బరు లోపలి అంచు చుట్టూ కూడా పగుళ్లు.

పానా_12_13:
20 అంటే మధ్య రబ్బరు వేశాకే బండి బయటికి తీయండి. వేశాక మళ్లీ కొలవండి, అప్పటికీ తగ్గితే కడ్డీ వంగిందన్నమాట. ఆ కడ్డీని బాడీకి వెల్డింగ్ చేస్తానంటే ఒప్పుకోవద్దు.

ముందుది క్యాట్ దగ్గరుంటుంది, వేడికి ఎండడం మామూలే. కానీ లోపలి అంచే చిరిగిందంటే ఇంజిన్ ఎక్కువ ఊగుతోందేమో చూడాలి. ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, మొదటి గేరులో క్లచ్ సగం వదలమనండి, తర్వాత రివర్స్‌లో. మీరు బానెట్ తెరిచి పక్కన నిలబడి చూడండి, బండి ముందు వద్దు. ఇంజిన్ ఎగిరి పడినట్టు కదిలితే ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంట్ పోయింది, కొత్త రబ్బర్లు కూడా ఏడాది తిరక్కుండా చిరుగుతాయి. మౌంట్ మార్చాల్సి వస్తే అదే ముందు మార్పించండి. రబ్బర్లు ముందే వేసేసి ఉంటే మౌంట్ మార్చాక జాయింటు బోల్టులు మళ్లీ వదులు చేసి బిగించండి, లేకపోతే పైపు పాత వంకరలోనే ఉండిపోతుంది.